బుడమేరులో మునిగిన ఆయిల్ ఇంజన్: ఈ దబ్ దబ్ చప్పుడు ఎక్కడిది?

పాయకాపురం మిల్లు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పాయకాపురంలో చిన్న పిండి మర. పిండి, కారం, పసుపు ఆడిస్తాం. మర మోటారు మీదే నడుస్తుంది గానీ వెనక రేకుల షెడ్డులో మా తాతయ్య నాటి ఆయిల్ ఇంజన్ ఒకటి ఉంది. ఒకటే సిలిండరు, రెండు పెద్ద చక్రాలు, 6 హార్స్‌పవర్, 650 ఆర్‌పీఎం. ప్లేటు ఎప్పుడో ఊడిపోయింది, చూసినవాళ్ళు లిస్టర్ మోడల్ అంటారు. నాకు ఊహ తెలిశాక అది తిరగడం రెండు మూడు సార్లు చూశానేమో. దసరాకి దానికి బొట్టు పెట్టడం మాత్రం ఏ ఏడూ మానలేదు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్ళు మా వీధుల్లోకి వచ్చిన సంగతి తెలిసిందే. మా దగ్గర ఛాతీ లోతు. ఇంజన్ ఆరు రోజులు నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక చూస్తే నిండా నల్లటి బురద. అప్పుడు మర మోటారు రీవైండింగ్ చేయించుకున్నాం గానీ ఇంజన్ జోలికి ఎవరూ పోలేదు.

ఈ వేసవిలో లైను పనులని చెప్పి పొద్దున తీసిన కరెంటు మధ్యాహ్నం దాకా ఇవ్వట్లేదు. అసలే ఆవకాయల రోజులు. కారానికి వచ్చినవాళ్ళు సంచులు మా గుమ్మంలో పెట్టి "కరెంటు వచ్చాక ఫోన్ చెయ్యి బాబూ" అని వెళ్ళిపోతున్నారు. సరే, ఇంజన్ లేపుదామని మెకానిక్‌ని పిలిచాను. నాలుగు రోజులు కూర్చుని ఆయిల్ సంపులో బురద కడిగి, హెడ్డు దించి, రింగులు మార్చి, నాజిల్ సర్వీసు చేయించి బిగించాడు. హ్యాండిల్ కొడితే మూడో పట్టులో అందుకుంది. ఆ చప్పుడు విని మా నాయనమ్మ లోపల్నించి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడిపోయింది.

ఇప్పుడు గొడవలు చెప్తాను.

స్టార్టయిన రెండో రోజు నుంచి దబ్... దబ్... అని లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఎండుమిర్చి పోసి లోడు పడుతుంటే ఒక రకంగా, తొట్టి ఖాళీ అయ్యేసరికి ఇంకో రకంగా వినిపిస్తుంది. మెకానిక్ చూసి "బిగ్ ఎండ్ బేరింగు పోయింది, క్రాంకు తీసి గ్రైండింగ్ చేయించాలి" అంటున్నాడు. కనెక్టింగ్ రాడ్డు క్రాంకు షాఫ్టుని పట్టుకునే చోటుండే బేరింగు అది. అన్నీ కలిపి 14 వేలు అవుతుందట.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే పది నిమిషాల పాటు తెల్లటి పొగ, కళ్ళు మండే వాసన. పక్కింటివాళ్ళు కిటికీలు వేసేసుకుంటున్నారు.

అరగంట నడిచాక నీళ్ళ డ్రమ్ము వైపు పైపులోంచి బుసబుసమని ఆవిరి. డ్రమ్ములో నీళ్ళు చూస్తే గోరువెచ్చగా కూడా లేవు!

ఇది కాక కరెంటు పుట్టించే సెకండ్ హ్యాండ్ 5 కేవీఏ ఆల్టర్నేటర్ ఒకటి కొని ఇంజనుకి బెల్టు వేశాను. లైట్లు వెలుగుతున్నాయి గానీ మలేరియా జ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి.

చక్రాల మధ్యలో షాఫ్టు దగ్గర వరద తుప్పు ఇంకా కారుతోంది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ ఎర్రగా వస్తోంది. దానికి ఏం పూయాలో కూడా చెబితే మేలు.

---

సిటీ బాయ్:

బ్రో, పాత ఇనుము రేటు బాగానే ఉంది. కాటాకి వేసి, వచ్చిన దానికి ఇంకొంత కలిపి సెల్ఫ్ స్టార్ట్ సైలెంట్ జనరేటర్ కొనుక్కోండి. ఈ రోజుల్లో హ్యాండిల్ కొట్టడం ఏంటి?

---

కొమ్మమూరు రైతు:

సిటీ బాయ్ గారూ, అమ్మమని సలహా అడగలేదు కదండీ ఆయన.

తమ్ముడూ, మాది గుంటూరు జిల్లా చేబ్రోలు వైపు. కాలువ చివరి భూములు. వంతు వచ్చినప్పుడు నీళ్ళు అందకపోతే కొమ్మమూరు కాలువ గట్టు మీద ఇంజన్ పెట్టి తోడుకోవడమే మాకు తెలిసిన వ్యవసాయం. ఇలాంటి ఇంజన్లు రెండు మా ఇంట్లోనే ముసలివయ్యాయి. చప్పుడు సంగతి పెద్దవాళ్ళెవరైనా చెప్తారు, నేను నీళ్ళ సంగతి చెప్తాను.

నీ డ్రమ్ములో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి? హెడ్డు నుంచి వచ్చే పై పైపు డ్రమ్ములోకి దిగే చోటుకి ఓ జానెడు పైకి ఉండాలి నీళ్ళు. ఈ ఇంజనుకి నీళ్ళ పంపు లేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి పోతాయి, డ్రమ్ము అడుగు నుంచి చల్లటివి వచ్చి సిలిండరులోకి దూరతాయి. పై పైపు నోరు గాలిలో ఉందంటే ఆ తిరుగుడు అక్కడే తెగిపోయినట్టు. హెడ్డులో నీళ్ళు మరుగుతుంటాయి, డ్రమ్ములో చల్లగా ఉంటాయి. నువ్వు చెప్పింది అచ్చం అదే. ఇంకోటి, ఆ పైపు ఇంజన్ నుంచి డ్రమ్ము దాకా ఎక్కుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఒంటె మూపులా లేచిందా, అక్కడ ఆవిరి కూర్చుని దారి మూసేస్తుంది. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే జాకెట్లో వరద బురద ఉండిపోయినా ఇంతే. కింది పైపు ఊడదీసి హోస్ పైపుతో గట్టిగా కొట్టు, ఏం వస్తుందో చూడు.

అలాగని కొళాయి నీళ్ళు నేరుగా ఇంజనులోకి పెట్టి అవతలికి వదిలేసే పని మాత్రం చెయ్యకు. మేం చేసి చెడిపోయాం. పక్కనే కాలువ ఉంది కదా అని పంపు డెలివరీ నుంచి చిన్న పైపు తీసి ఇంజనుకి పెట్టాం. హెడ్డు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండేది, అబ్బా ఎంత బాగుందో అనుకున్నాం. రెండు సీజన్లకి సిలిండరు లోపలి గొట్టం, అదే లైనరు, గీకేసినట్టు అరిగిపోయింది. డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ పూర్తిగా మండదు, గోడల మీద తేమ పట్టి తినేస్తుంది. పై పైపు మీద చెయ్యి పెడితే రెండు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలనిపించాలి. అదీ సరైన వేడి.

---

ఆటోనగర్ బండచక్రం:

అబ్బాయ్, ఆ 14 వేలు జేబులోనే ఉంచుకో. క్రాంకు తియ్యొద్దు. నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క నువ్వు చివర్లో పెట్టావు, పైగా దానికి ఏం పూయాలని అడిగావు.

చక్రం మధ్య బొడ్డు దగ్గర ఎంత తుడిచినా ఎర్రగా వస్తోంది అన్నావు చూడు, అది వరద తుప్పు కాదు. వరద తుప్పయితే ఒకసారి తుడిస్తే పోతుంది. మళ్ళీ మళ్ళీ వస్తోందంటే లోపల ఇనుము ఇనుముతో రాసుకుని పొడి అవుతోందని. చక్రాన్ని షాఫ్టుకి పట్టి ఉంచేది ఒకే ఒక్క కీ, అంటే రెండిటి మధ్య గాడిలో దిగగొట్టిన ఉక్కు ముక్క. తలున్న ఏటవాలు కీ, గిబ్ కీ అంటాం. అది వదులైంది. నా అనుమానం నూటికి తొంభై పాళ్ళు అదే. మిగతా పది పాళ్ళ కోసం పరీక్ష చేద్దాం.

ముందు అసలు చప్పుడు ఎందుకొస్తుందో విను. ఇది ఫోర్ స్ట్రోక్ ఒంటి సిలిండరు. రెండు చుట్లకి ఒక్కసారే మంట. ఆ ఒక్కసారి షాఫ్టు చక్రాన్ని తోస్తుంది, మిగతా సేపంతా చక్రం షాఫ్టుని ఈడుస్తుంది. కంప్రెషన్ దాటించేది ఆ చక్రం బరువే. అంటే తోసేవాడు, తోయించుకునేవాడు క్షణక్షణం మారిపోతుంటారు. కీ వెంట్రుకవాసి వదులున్నా, మారినప్పుడల్లా చక్రం అటొకసారి ఇటొకసారి గుద్దుతుంది. దబ్. అంత బండచక్రం గుద్దితే ఆ చప్పుడు షాఫ్టు గుండా పోయి క్రాంకు కేసులోనే మోగుతుంది. నువ్వు కేసు మీద చెవి పెడితే బిగ్ ఎండే అని ప్రమాణం చేస్తావు. లోడు మారితే చప్పుడు మారడం కూడా రెండింటికీ ఉంటుంది. అందుకే చెవితో తీర్పు చెప్పకూడదు.

ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక, డీజిల్ కాక్ కట్టెయ్యి. బొడ్డునీ షాఫ్టు కొసనీ గుడ్డతో తుడిచి ఆరబెట్టు. రెండిటి మీదుగా ఒకటే గీత సుద్దతో కాదు, నెయిల్ పాలిష్‌తో గియ్యి, సుద్దయితే నూనెకి చెరిగిపోతుంది. రెండు చక్రాలకీ గియ్యి. తర్వాత నువ్వొక చక్రం పట్టుకుని కదలకుండా బిగబట్టు, బలమున్న కుర్రాడెవడైనా రెండో చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపాలి. టిక్కుమన్నా, గీత దగ్గర కాస్త పక్కకి జరిగి మళ్ళీ వచ్చినా దొంగ దొరికినట్టే. దొరక్కపోతే అప్పుడు క్రాంకు కేసు తలుపు తీసి, కంప్రెషన్ లివరు ఎత్తి, కనెక్టింగ్ రాడ్డుని చిన్న గడ్డపారతో పైకీ కిందకీ లేపి చూడు. బిగ్ ఎండులో ఆట ఉంటే చేతికి తెలుస్తుంది. ఈ రెండు పనులకీ కలిపి గంట పట్టదు, పైసా ఖర్చు లేదు.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఈ తప్పు నేను చేశాను కాబట్టి. ఆటోనగర్‌కి రాకముందు సైకిల్ మీద సంచి వేసుకుని కంకిపాడు, ఉయ్యూరు చుట్టుపక్కల ఇంజన్లు చూసేవాణ్ణి. ఒక రైతుది ఇలాంటి ఇంజనే, ఇలాంటి చప్పుడే. బిగ్ ఎండన్నాను. మూడు రోజులు విప్పాను, కొత్త బేరింగులు వేశాను, బిగించాను. హ్యాండిల్ కొట్టగానే దబ్ దబ్. ఆయన ఏమీ అనలేదు, మజ్జిగ ఇప్పించాడు. అదే ఎక్కువ సిగ్గేసింది. వాళ్ళ పాలేరు, బడికి కూడా పోనివాడు, "అయ్యా, ఈ చక్రం కాడ ఎర్రగా ఏడుస్తుందేంటి" అన్నాడు. ఆ మాటకి నా చదువు పూర్తయింది. బేరింగుల డబ్బులు నేను తీసుకోలేదు.

ఇక తెల్ల పొగ. హెడ్డు పక్కన చేత్తో తిప్పే చిన్న చక్రం ఉందా? ఉంటే అది తిరుగుతోందా? ఈ డిజైను 1930ల నాటిది, ఇంగ్లండులో డర్స్లీ అనే ఊళ్ళో లిస్టర్ వాళ్ళది. సి.ఎస్. అంటారు, కోల్డ్ స్టార్ట్ అని. చల్లగా ఉన్నప్పుడు ఆ చిన్న చక్రం లోపలికి బిగిస్తే మంట గదిలో కొంత భాగం మూసుకుపోయి కంప్రెషన్ పెరుగుతుంది, తేలిగ్గా అందుకుంటుంది. వేడెక్కి లోడు పడ్డాక పూర్తిగా బయటికి తిప్పాలి. నీది బయటికి ఉన్నప్పుడే వరదలో పట్టేసి ఉంటుంది. చల్లటి ఇంజను, తక్కువ కంప్రెషన్, మండని డీజిలు ఆవిరై తెల్లగా పోతోంది. కిరోసిన్ పోసి నానబెట్టమనేవాణ్ణి, ఇప్పుడు కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది? డీజిలే పోసి ఓ రాత్రి వదిలెయ్యి. పానా పెట్టి బలవంతం చెయ్యకు, చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ విడిపించు. ఎప్పుడూ అయితే పూర్తిగా లోపలికి, లేదంటే పూర్తిగా బయటికి. మధ్యలో వదిలితే మసి పట్టి మళ్ళీ బిగుసుకుంటుంది.

డీజిల్ ట్యాంకు అడుగున నీళ్ళు లేవు కదా? వరదలో మునిగిన ట్యాంకుని కడగకుండా వాడేవాళ్ళని చూశాను కాబట్టి అడుగుతున్నాను.

---

పాయకాపురం మిల్లు:

బాబాయ్ గారూ, మీకు దండం. మా ఆవిడ నెయిల్ పాలిష్ అడిగితే ముందు అనుమానంగా చూసింది, తర్వాత తనే వచ్చి గీత గీసింది.

బెల్టు వేసే వైపు చక్రం రాయిలా ఉంది. రెండో వైపు చక్రం మాత్రం మా తమ్ముడు ఊపగానే టిక్కుమంది. గీత బియ్యపు గింజ మందం జరుగుతోంది! పదిసార్లు ఊపి పదిసార్లూ చూశాం. వీడియో తీసి మెకానిక్‌కి పంపించాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అది కూడా ఉండొచ్చు" అన్నాడు.

ట్యాంకు కడిగించాను గానీ ఫిల్టరు గిన్నె మర్చిపోయాం. విప్పితే అడుగున పావు గ్లాసు నీళ్ళు. చిన్న చక్రం కదలట్లేదు, డీజిల్ పోసి ఉంచాను.

డ్రమ్ము విషయం రైతు అన్నగారు చెప్పినట్టే ఉంది. పై పైపు నోటికి నాలుగు వేళ్ళు కిందనే ఆగిపోయాయి నీళ్ళు. డ్రమ్ముకి చిల్లు పడితే పైదాకా నింపడం మానేశాం మేమే. అతుకు వేయించి నింపాక ఆవిరి లేదు. కింది పైపులోంచి బురదతో పాటు ఒక సోడా మూత వచ్చింది.

ఇప్పుడు కీ ఎలా బిగించాలి? తల మీద పెద్ద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోతుందా?

---

ఆటోనగర్ బండచక్రం:

వద్దు. ఆ నాలుగు దెబ్బలే చాలామంది చక్రాల్ని చంపాయి. చక్రం పోత ఇనుము, కీ ఉక్కు. ఏటవాలు కీ అంటే మేకులాంటిదే, అరిగిన చోట బలవంతంగా దిగగొడితే బొడ్డు చీలుతుంది. 650 చుట్లు తిరిగే చక్రం బొడ్డు చీలితే షెడ్డు గోడ ఆపదు దాన్ని.

ముందు బొడ్డు బాగుందో లేదో చూడు. శుభ్రంగా తుడిచి, డీజిల్ పూసి ఓ అరగంట ఉంచి, మళ్ళీ పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లు. ఎక్కడైనా పగులుంటే లోపల దాక్కున్న డీజిల్ బయటికొచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. కీ గాడి మూలల దగ్గర బాగా చూడు. గీత కనిపిస్తే ఇక ఆ చక్రం వాడకు, వెల్డింగ్ మాట ఎత్తకు.

పగులు లేకపోతే కీ బయటికి తియ్యి. కీ తలకీ బొడ్డుకీ మధ్య సందు ఉంటుంది, అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు ఏటవాలు చీలలు పెట్టి సుత్తితో కొడితే తల బయటికి వస్తుంది. తీసేముందు చక్రం కింద దుంగలు పెట్టు, షాఫ్టు మీద నుంచి జరిగి కాలి మీద పడిన కేసులున్నాయి. కీ బయటికొచ్చాక చూస్తే ఒక చోట మెరుస్తూ, ఒక చోట ఎర్రగా, ఒక చోట మెట్టు పడినట్టు కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ వాడకు. రేకు ముక్క మెలిపెట్టి సందులో దూర్చే పని కూడా వద్దు, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తావు. పాత కీ పట్టుకుని ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకి వెళ్ళినా కొత్తది చేసిస్తారు. వాలు నూటికి ఒకటి ఉండాలి, అంటే నూరు మిల్లీమీటర్ల పొడుగుకి ఒక మిల్లీమీటరు. కాస్త మందంగానే చేయించుకో, మిగతాది ఆకురాయితో నువ్వే సరిచెయ్యాలి.

సరిచెయ్యడం అంటే ఓపిక. కీకి నీలి రంగు పల్చగా పూసి, గాడిలో చేత్తో దూర్చి, చిన్నగా తట్టి, బయటికి తీసి చూడు. రంగు ఎక్కడ చెదిరిందో అక్కడే పట్టుకుంటోంది. అక్కడ ఆకురాయితో రుద్దు. మళ్ళీ పూయి, మళ్ళీ దూర్చు. పైనా కిందా పొడుగునా సమానంగా రంగు చెదిరేదాకా ఇదే పని. పక్కల కూడా ఆట ఉండకూడదు. నాకు మామూలుగా పూట పడుతుంది. సరిగ్గా కూర్చున్న కీకి ఓ మోస్తరు సుత్తి చాలు, దెబ్బ పడుతుంటే చప్పుడు మారుతుంది, డొల్లగా ఉన్నది కంగుమంటుంది. అక్కడ ఆపు. తల బొడ్డుకి ఆనకుండా అంగుళంలో మూడోవంతు సందు మిగలాలి, రేపు మళ్ళీ తియ్యాలి కదా. గంట సేపు ఖాళీగా నడిపి, ఆపి, మళ్ళీ ఓ దెబ్బ వెయ్యి. వారం తర్వాత ఇంకోసారి. తిప్పి చూసినప్పుడు చక్రం వంకరగా ఆడుతోందంటే కీ ఒక పక్కకి తోస్తోందని, మళ్ళీ తియ్యాల్సిందే.

ఆ కీ తల బయటికి పొడుచుకుని ఉంటుంది, తిరిగేటప్పుడు కంటికి కనపడదు. లుంగీ, భుజం మీద తువ్వాలు, ఆడవాళ్ళ చీర కొంగు, ఏది తగిలినా మనిషిని లాగేసుకుంటుంది. పిండి మరకి వచ్చేది ఆడవాళ్ళూ పిల్లలే. దానిమీద ఏదైనా డబ్బా మూత బిగించు. ఇది కీ కంటే ముందు చెయ్యాల్సిన పని, నేనే వెనక చెప్పాను.

గాలి పీల్చే గొట్టం పక్కన ఓ చెక్క ముక్క కూడా వేలాడదియ్యి. డీజిల్ ఎంత పోవాలో అదుపు చేసే పంపు రాక్ బిగుసుకుపోయి ఇంజన్ చుట్లు పెంచుకుంటూ పోతే ఆ నోటికి చెక్క అడ్డం పెట్టు, కంప్రెషన్ లివరు ఎత్తు. చెయ్యి అడ్డం పెట్టకు.

---

గవర్నర్‌పేట వైండింగ్:

లైట్ల వణుకు గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను దిగుతున్నా. అన్నా, మూడు కొలతలు పంపించు: ఇంజన్ చక్రం అడ్డకొలత, ఆల్టర్నేటర్ పుల్లీ అడ్డకొలత, ఇంజన్ నిజంగా ఎన్ని చుట్లు తిరుగుతోందో. చుట్లకి ఎవరి దగ్గరైనా టాకోమీటర్ అడిగి తీసుకో.

---

పాయకాపురం మిల్లు:

చక్రం 23న్నర అంగుళాలు. పుల్లీ 9 అంగుళాలు. ఇంజన్ 575 చుట్లు.

---

గవర్నర్‌పేట వైండింగ్:

దొరికింది. నీ ఇంజన్ 650లో తిరగాల్సింది. ఎవరో తెలివైనవాడు వోల్టేజీ ఎక్కువొస్తోందని చుట్లని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగు వదులు చేసి 575కి దించాడు. లెక్క చూడు. 575ని 23.5తో గుణించి 9తో భాగిస్తే 1501. నీలాంటి ఫోర్ పోల్ (నాలుగు ధ్రువాల) ఆల్టర్నేటర్‌కి 50 సైకిల్స్, అంటే మన ఇళ్ళ కరెంటు ఫ్రీక్వెన్సీ, రావాలంటే 1500 చుట్లు కావాలి. ఆ లెక్క కుదిర్చాడు, ఇంజన్ లెక్క గాలికొదిలేశాడు. 650లో తిప్పితే ఈ పుల్లీకి దాదాపు 1700 వచ్చి ఫ్రీక్వెన్సీ 56 దాటేది. పుల్లీ చిన్నదైతే పెద్ద పుల్లీ వెయ్యాలి గానీ ఇంజన్ని తగ్గించడమేంటి?

చుట్లు తగ్గితే బలం తగ్గుతుంది, చక్రంలో దాగే ఊపు ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఇంజన్ రెండు చుట్లకోసారి తన్నుతుంది కాబట్టి 575లో నిమిషానికి 287 తన్నులు, సెకనుకి ఐదు కూడా లేవు. తన్నినప్పుడు లైటు పెరుగుతుంది, మధ్యలో తగ్గుతుంది. కంటికి చిరాకు పుట్టించే వణుకు అదే. దానికితోడు చక్రం వదులు. బెల్టు అతుకు పుల్లీ ఎక్కినప్పుడల్లా ఇంకో కుదుపు, అతుకు లేని బెల్టు దొరికితే మంచిది.

పదింపావు అంగుళాల పుల్లీ చేయించు. ఇంజన్ని 650కి తీసుకురా. ఖాళీగా ఉన్నప్పుడు 52 సైకిల్స్ చూపించేలా పెట్టుకుంటే లోడు పడ్డాక 50 దగ్గర కూర్చుంటుంది. వణుకు పూర్తిగా పోదు, ఒంటి సిలిండరుకి అది పుట్టుకతో వచ్చిందే. లెక్కలు రాసుకునే బల్ల దగ్గర మాత్రం చిన్న ఇన్వర్టరు పెట్టుకుని దాని మీద లైటు వేసుకో.

ఆల్టర్నేటర్ మీద 5 కేవీఏ అని రాసుందని మోసపోకు. 6 హార్స్‌పవర్ ఇంజన్ నుంచి, బెల్టులో పోయింది పోగా, 3 కిలోవాట్లు నిలకడగా వస్తే సంతోషించు. అందుకే దాని మీద మర మోటారు వెయ్యాలని చూడకు. మోటారు లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది, ఇంజన్ గొంతు పట్టేసినట్టవుతుంది. కరెంటు చేసి ఆ కరెంటుతో మళ్ళీ చక్రం తిప్పడం దేనికి? మీ తాతయ్య లాగే ఇంజన్ నుంచి మరకి నేరుగా బెల్టు వెయ్యి. ఆల్టర్నేటర్ లైట్లకీ, ఫ్యాన్లకీ, కాటాకీ.

అన్నిటికంటే ముఖ్యం, వీధి కరెంటు, జనరేటర్ కరెంటు రెండిటిలో ఒక్కదాన్నే ఇంటికి కలిపే చేంజ్ ఓవర్ స్విచ్ ఉందా? ప్లగ్గులోంచి కరెంటు ఎక్కించే పద్ధతి పెట్టావంటే నీ జనరేటర్ కరెంటు వీధి లైనులోకి పోతుంది. అక్కడ స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు, లైను చచ్చిందనుకుని.

---

కొమ్మమూరు రైతు:

మధ్యలో ఒక సందేహం. ఇప్పుడొచ్చే బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్‌లో గంధకం లేక పాత డీజిల్ పంపు లోపలి ఎలిమెంట్లు అరిగిపోతాయి, టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి అంటున్నారు మా ఊళ్ళో. నిజమేనా బండచక్రం గారూ?

---

ఆటోనగర్ బండచక్రం:

2020 ఏప్రిల్ నుంచి గంధకం 10 పీపీఎంకి తగ్గింది, నిజమే. కానీ నునుపు తగ్గకుండా దానికి కావాల్సిన మందు కలిపే పంపిస్తారు. నేనేం కలపను. పంపుల్ని చంపేది నీళ్ళూ మట్టీ. డబ్బాలో తెచ్చిన డీజిల్ ఒక రోజు కదపకుండా ఉంచి, గుడ్డలో వడపోసి, అడుగు నాలుగు వేళ్ళు పారబోస్తే చాలు. మీ కాలువ గట్టు మీద మూత లేని డబ్బాలు చాలా చూశాను.

---

పాయకాపురం మిల్లు:

పన్నెండు రోజులైంది, జరిగింది చెప్పాలి కదా.

బొడ్డుకి పగులు లేదు. సుద్ద చల్లి ఊపిరి బిగబట్టి చూశాం. కీ బయటికి తీయడానికి ఒక పొద్దంతా పట్టింది, వచ్చాక చూస్తే బాబాయ్ గారు చెప్పినట్టు మధ్యలో మెట్టు పడి ఉంది. ఒక పక్క సన్నటి రేకు ముక్క అంటుకుని ఉంది! అంటే ఈ జబ్బు వరదకి ముందే ఉంది, మా తాతయ్య రోజుల్లోనే ఎవరో రేకు దూర్చారు. నీళ్ళలో నాని ఆ రేకు తినేసుకుపోయినట్టుంది. కొత్త కీ 450 రూపాయలు. ఆకురాయితో రుద్దడం మా మెకానిక్కే చేశాడు, నేను అడగకముందే వచ్చాడు. నీలి రంగు పూసి తీసి చూసి, పూసి తీసి చూసి, సాయంత్రం నాలుగింటికి కంగుమంది.

దబ్ దబ్ లేదు. టుక్ టుక్ అని ఒకటే తాళం. మొదట్లో నాకే ఏదో తగ్గినట్టు అనిపించింది.

పుల్లీ మార్చి 650కి తెచ్చాం. లైట్ల జ్వరం తగ్గింది, ఒంట్లో నలతగా ఉన్నట్టు మాత్రం ఉంది. చేంజ్ ఓవర్ స్విచ్ లేదు, నిజం ఒప్పుకుంటున్నాను. మర్నాడే పెట్టించాను.

చిన్న చక్రం మూడో రోజుకి కదిలింది. పొగ పది నిమిషాల నుంచి రెండు నిమిషాలకి దిగింది. మిగతాది రింగులు సర్దుకుంటే పోతుందా, లైనరు తుప్పు గుంటలు పడిందా అన్నది ఇంకో నెల చూడాలి. మొన్న కరెంటు లేని పూట నేరుగా మరకి బెల్టు వేసి 40 కిలోల కారం ఆడించాం.

---

ఆటోనగర్ బండచక్రం:

అంతా బాగుంది. కీ తలకి మూత పెట్టావా?

---

పాయకాపురం మిల్లు:

పాలపొడి డబ్బా బిగించాను బాబాయ్ గారూ. దానికి కూడా మా నాయనమ్మ బొట్టు పెట్టింది.